పేరు మార్చినవాడు, బడి పెట్టినవాడు: భాగ్యరెడ్డి వర్మను చివరి బెంచీ నుంచి చదువుదాం

శంషాబాద్ విమానాశ్రయం ప్రహరీ అవతల ఉన్న ఏ ఊరి ప్రభుత్వ బడికి వెళ్లినా నాలుగో తరగతి చివరి బెంచీలో ఒక పిల్లవాడు కనిపిస్తాడు. నెత్తి మీద పోయే విమానం తోక రంగు చూసి అది ఏ కంపెనీదో చెప్పేస్తాడు. నోటి లెక్కలో పొరపాటు పడడు. పాఠంలో ఒక్క వాక్యం చదవమంటే మాత్రం తల దించుకుంటాడు. ఒత్తులు మింగుతాడు, గుణింతం తప్పుతాడు, చదివిన పదాన్నే కింది వరుసలో కొత్తగా చూసినట్టు చూస్తాడు. వాడి ముందు బెంచీలో ఒక పాప ఉంటుంది. ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోలేదు. చెప్పింది సగం వినకముందే లేస్తుంది. ఒకడికి బడి పెట్టిన పేరు మొద్దు, ఇంకొకరికి పెట్టిన పేరు కోతి. ఇద్దరూ దళితవాడ పిల్లలైతే ఆ పేర్ల వెనక ఇంకో మాట వచ్చి చేరుతుంది. వీళ్ల కులానికి చదువు ఎక్కడ అబ్బుతుందిలే అన్న మాట అది. కొందరు పైకే అంటారు, కొందరు మనసులో అనుకుంటారు.

మే 22 భాగ్యరెడ్డి వర్మ జయంతి. ఆ తర్వాత మూడు వారాలకు బడులు తెరుస్తారు. ఏటా జయంతి నాడు ఆయన పటానికి దండ వేసి, ఆది హిందూ ఉద్యమ పితామహుడని తలచుకుంటాం. ఈసారి ఆయన జీవితాన్ని ఆ చివరి బెంచీలో కూర్చుని చదవాలనుకుంటున్నాం. ఎందుకంటే ఆయన జీవితమంతా రెండు పనుల చుట్టూ తిరిగింది. ఇతరులు మనకు పెట్టిన పేరును మార్చడం ఒకటి. చదువు రాదని పక్కన పెట్టిన పిల్లలకు బడి పెట్టడం రెండోది.

మాదరి భాగయ్య

1888 మే 22న హైదరాబాద్‌లో ఒక మాల కుటుంబంలో ఆయన పుట్టారు. తండ్రి మాదరి వెంకయ్య, తల్లి రంగమాంబ. పెట్టిన పేరు భాగయ్య. ఆ కుటుంబానికి ఒక శైవ గురువు ఉండేవాడు. ఈ నేల మీద మొదట ఉన్నది, ఏలింది మీవాళ్లేనని చెప్పి, రేడు అన్న పదం నుంచి రెడ్డి వచ్చిందన్న వాదంతో ఆ పిల్లవాడిని భాగ్యరెడ్డి అన్నాడని చెబుతారు. భాషా శాస్త్రం ఆ వ్యుత్పత్తిని ఒప్పుకుంటుందా లేదా అన్నది వేరే సంగతి. ఒక దళిత పిల్లవాడికి నువ్వు తక్కువ కాదని చెప్పిన మొదటి పెద్దమనిషి ఆ గురువు. ఆ మాట ఆ పిల్లవాడిలో ఎంత దూరం పోయిందో తర్వాతి యాభై ఏళ్లు చెబుతాయి.

ఆయనది సాఫీగా సాగిన చదువు కాదు. చిన్నతనంలోనే ఇల్లు వదిలి ఒక క్రైస్తవ న్యాయవాది ఇంట్లో పనికి కుదిరారు. చదువుకునే వీలు అక్కడే దొరికింది. బడి ఇవ్వని చదువును పనిచేసే ఇల్లు ఇచ్చింది. మన ఉద్యమాల చరిత్రలో ఇలాంటి జీవితాలు చాలా ఉన్నాయి. వాటి నుంచి మనం తరచూ తప్పు పాఠం తీసుకుంటాం. పట్టుదల ఉంటే ఎవరైనా ఎదుగుతారని పిల్లలకు ఉపన్యాసం ఇస్తాం. భాగ్యరెడ్డి తీసుకున్న పాఠం అది కాదు. తనకు దొరికింది అదృష్టమని, అదృష్టం మీద ఒక జాతి బతకలేదని, అందరికీ దొరికేలా ఏర్పాటు చేయాలని ఆయన అర్థం చేసుకున్నారు. ఉపన్యాసంతో ఆగకుండా బడి పెట్టడానికి కారణం ఇదే.

చెవితో మొదలైన చదువు

1906లో, పద్దెనిమిదేళ్ల వయసులో, జగన్మిత్ర మండలి స్థాపించారు. అక్షరం రాని బస్తీలకు కరపత్రంతో వెళ్తే ఏం లాభం? మండలి హరికథలతో వెళ్లింది. జనానికి తెలిసిన రూపంలో, వాళ్ల భాషలో, రాత్రి పని ముగిసిన వేళకు వెళ్లింది. తాగుడు, బాల్య వివాహాలు, జోగిని ఆచారం మీద పోరాటం అక్కడి నుంచే మొదలైంది. వాడల్లో గొడవలు కోర్టుల దాకా పోకుండా తీర్చుకోవడానికి కుల పంచాయతీలను మళ్లీ నిలబెట్టారు. నగరంలో ప్లేగు, ఇన్‌ఫ్లూయెంజా వచ్చి అయినవాళ్లే శవాలను ముట్టని రోజుల్లో ఆయన వాలంటీర్లు ముందుకొచ్చారు. 1911లో మండలి మాన్య సంఘంగా మారింది. 1913లో ఆర్య సమాజం వారు ఆయన సేవకు వర్మ అన్న బిరుదు ఇచ్చారు. 1922లో ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్ ఏర్పడింది.

హరికథ సంగతి మీద ఒక్క నిమిషం ఆగుదాం. చదవలేనివాడు తెలివి తక్కువవాడు కాదన్న ఎరుక దానిలో ఉంది. చెవితో విని, పాటతో గుర్తుపెట్టుకుని, ఎదురు ప్రశ్న వేయగల మనిషికి అక్షరం ఒక్కటే తలుపు కాదు. ఇప్పుడు లెర్నింగ్ డిజేబిలిటీ ఉన్న పిల్లల గురించి టీచర్లకు మొదట చెప్పాల్సింది కూడా ఇదే. కాగితం మీద రానిది నోటితో వస్తుందేమో అడిగి చూడాలి. పాఠం విని చెప్పమంటే చక్కగా చెప్పి, చదవమంటే ఆగిపోయే పిల్లవాడిది తెలివి లోపం కాదు. చదవడం అన్న ఒక్క పనిలో వాడి మెదడు వేరే దారిన పోతోంది.

ఇసామియా బజార్ బడి

1910లో హైదరాబాద్ ఇసామియా బజార్‌లో, లింగంపల్లిలో దళిత పిల్లల కోసం బడులు మొదలయ్యాయి. ప్రభుత్వ గ్రాంటుతో కాదు, మండలి సొంత డబ్బుతో. ఆ కాలపు నిజాం రాజ్యంలో పరిపాలన భాష ఉర్దూ, ప్రభుత్వ బడుల్లో బోధన కూడా ఎక్కువగా ఉర్దూలోనే. ఇంట్లో తెలుగు మాట్లాడే మాల, మాదిగ పిల్లవాడు ఎలాగోలా బడి గడప దాటినా, లోపల వినిపించేది తనకు తెలియని భాష. భాగ్యరెడ్డి వర్మ బడుల్లో బోధన తెలుగులో జరిగింది. క్రమంగా ఆ బడుల సంఖ్య 26కి, పిల్లల సంఖ్య 2,500కి చేరింది. సగటున ఒక్కో బడికి వందకు కాస్త తక్కువ. తర్వాత ప్రభుత్వం వాటిని తన చేతుల్లోకి తీసుకుంది.

ఆయన డిస్‌లెక్సియా గురించి, శ్రద్ధ లోపం గురించి పనిచేశారని మేం చెప్పడం లేదు. ఆ మాటలు ఇక్కడికి అప్పటికి రాలేదు. కానీ ఆయన బడులు పెట్టడానికి ముందటి కొద్ది సంవత్సరాల్లో ప్రపంచంలో ఇంకోచోట ఏం జరిగిందో చూడండి. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లండ్ డాక్టర్ అన్నింటా చురుకైన ఒక పద్నాలుగేళ్ల అబ్బాయికి చదవడం మాత్రం రావడం లేదని గమనించి వైద్య పత్రికలో రాశాడు. 1902లో జార్జ్ స్టిల్ లండన్‌లో కుదురు లేని పిల్లల గురించి ఉపన్యాసాలు ఇచ్చాడు. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, బడిలో అదనపు సాయం ఎవరికి కావాలో గుర్తించడానికి ఒక పరీక్ష తయారు చేశాడు. 1907లో రోమ్ నగరంలో శాన్ లొరెంజో అనే పేదల వాడలో మరియా మాంటిస్సోరి బడి తెరిచింది. అంతకు ముందు బుద్ధిమాంద్యం ఉందని పక్కన పెట్టిన పిల్లలతో పనిచేసి నేర్చుకున్న పద్ధతులనే ఆమె అక్కడ వాడింది. గరుకు కాగితంతో చేసిన అక్షరాల మీద వేలితో దిద్దించింది. మన అవ్వలు ఇసుకలో దిద్దించిన అక్షరాలకు అది చుట్టమే.

అక్కడ పిల్లవాడికి ఎందుకు రావడం లేదని మెదడు వైపు వెతికారు. ఇక్కడ భాగ్యరెడ్డి సమాజం వైపు వెతికారు. శంషాబాద్ చివరి బెంచీకి ఈ రెండు ప్రశ్నలూ కలిపి కావాలి.

పేరు కోసం పోరాటం

1917 నవంబర్‌లో బెజవాడలో పంచమ మహాజన సభ జరిగింది. అధ్యక్షుడు భాగ్యరెడ్డి వర్మ. పంచములమంటే ఐదో వర్ణం వాళ్లమా, అసలు ఆ మాట ఎక్కడిదని ఆయన నిలదీశారు. మేం ఈ నేల మొదటి మనుషులమన్నారు. ఆ వేదిక మీదే పంచమ సభ ఆది ఆంధ్ర సభ అయింది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అన్న పేర్లను గుర్తించింది. హైదరాబాద్ సంస్థానంలో 1931 జనాభా లెక్కల్లో ఆది హిందువులు అన్న పేరు వచ్చింది. 1930లో లక్నోలో జరిగిన అఖిల భారత సభకు ఆయన అధ్యక్షత వహించారు. రౌండ్ టేబుల్ సమావేశానికి అణగారిన వర్గాల తరఫున అంబేడ్కర్ వెళ్లడాన్ని ఆ సభ బలపరిచింది. 1931లో భాగ్యనగర్ పత్రిక మొదలుపెట్టారు. తెలుగులో తొలి దళిత కథల్లో ఒకటిగా చెప్పుకునే వెట్టి మాదిగ రాసింది ఆయనే. చాలా ముందే, 1913 ప్రాంతంలోనే, నగరంలో బుద్ధ జయంతి జరిపారు. 1939 ఫిబ్రవరి 18న, యాభై ఒకటో ఏట కన్నుమూశారు.

పేరు మారితే కడుపు నిండుతుందా అని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతారు. పేరు ఒక్కటే చాలదని ఆయనకు తెలుసు. అందుకే పేరుతో పాటు బడి, బడితో పాటు పత్రిక. అయితే పేరును వదిలేస్తే బడి కూడా నిలబడదని కూడా ఆయనకు తెలుసు. మొద్దు అని పిలిపించుకున్న పిల్లవాడు నాలుగేళ్లకు తానే ఆ మాట నమ్ముతాడు. ఆ తర్వాత ఎంత మంచి పుస్తకం ఇచ్చినా తెరవడు. ఆ మాటకు కులం తోడైతే టీచర్ కూడా వెతకడం మానేస్తారు. కారణం ముందే దొరికిపోయింది కదా.

ఇక్కడే అన్యాయం రెండుగా చీలుతుంది. కార్పొరేట్ బడిలో చదవలేని పిల్లవాడికి సైకాలజిస్టు, సర్టిఫికెట్, పరీక్షలో అదనపు సమయం, కావాలంటే స్క్రైబ్ దొరుకుతారు. దళితవాడ పిల్లవాడికి అదే ఇబ్బంది ఉంటే దెబ్బలు, డిటెన్షన్ భయం, చివరికి డ్రాపౌట్. ఒకరిది సమస్య, ఇంకొకరిది కులబుద్ధి. మెదడు ఒకలాంటిదే, పేరు వేరు.

శంషాబాద్: ఒక తరగతి గదిలో మూడు చిక్కులు

శంషాబాద్ పైగా ప్రభువుల పేరు మీద వెలసిన ఊరు. 2008 మార్చిలో అక్కడ విమానాశ్రయం మొదలైంది. సుమారు 5,500 ఎకరాలు దాని కిందికి పోయాయి. దాని చుట్టూ ఔటర్ రింగ్ రోడ్డు, గోదాములు, హోటళ్లు, వెంచర్లు వచ్చాయి. పొలం పనులు పోయి లోడింగ్, హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, కన్‌స్ట్రక్షన్ పనులు వచ్చాయి. అమ్మానాన్నలు షిఫ్టుల్లో పోతారు. పాలమూరు నుంచి, ఒడిశా నుంచి, బీహార్ నుంచి కూలీ కుటుంబాలు వస్తాయి, పని అయ్యాక వెళ్లిపోతాయి.

ఇలాంటి బడిలో చదవలేని పిల్లవాడికి మూడు కారణాల్లో ఏదైనా ఉండొచ్చు. ఒకటి, వాడికి చదువు చెప్పనే లేదు. ఊళ్లు మారడంలో రెండేళ్ల చదువు జారిపోయింది. రెండు, చెప్పారు కానీ వాడికి తెలియని భాషలో చెప్పారు. మూడు, అన్నీ సరిగా జరిగినా వాడి మెదడుకు అక్షరం వేరే తీరున అందించాలి. మూడూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. మందు మాత్రం మూడింటికీ వేరు. దాన్ని విడదీసి చూడగలగడమే టీచర్ శిక్షణలో అసలు సంగతి.

భాష దగ్గర మనలో మనం కూడా నిజాయితీగా మాట్లాడుకోవాలి. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం తెచ్చారు. దళిత ఉద్యమం ఇంగ్లీషు కోరుకుంది, కోరుకోవడం న్యాయం. పెద్దకులాల పిల్లలకు ఇంగ్లీషు, మా పిల్లలకు మాతృభాష మీద ప్రేమ అంటే ఒప్పుకోం. భాగ్యరెడ్డి వర్మ తెలుగు బడిని ఇంగ్లీషుకు అడ్డంగా పెట్టడం ఆయనకు అన్యాయం. ఆయన చేసింది పిల్లవాడికి అర్థమయ్యే చోట నుంచి మొదలుపెట్టడం. ఇంగ్లీషు మీడియం బడిలో కూడా టీచర్ అదే చేయొచ్చు. ఇంటి భాషలో వివరించి, ఇంగ్లీషులోకి చేయి పట్టుకుని నడిపించొచ్చు. చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్లవాడికి ఈ వంతెన లేకపోతే రెండు భాషలూ పోతాయి. తెలుగులో గుణింతాలు, ఒత్తులు కలిపి వందల రూపాలు పట్టుబడాలి. ఇంగ్లీషులో అక్షరాలు 26 మాత్రమే, రాసేది ఒకటి, పలికేది ఇంకొకటి. ఒక్కో లిపి ఒక్కో చోట పిల్లవాడిని ఆపుతుంది. ఇంగ్లీషు పుస్తకాల్లోని లక్షణాల జాబితా తర్జుమా చేసి టీచర్ చేతిలో పెడితే సరిపోదు.

చట్టం ఉంది, శిక్షణ ఎక్కడ?

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అది గుర్తించిన 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి. అంటే డిస్‌లెక్సియా, డిస్‌గ్రాఫియా, డిస్‌కాల్‌క్యులియా వంటివి. వీటిని వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధన ఇవ్వాలని 16వ సెక్షన్ చెబుతుంది. ఐదేళ్లకోసారి బడి పిల్లల సర్వే చేయాలని, టీచర్లకు శిక్షణ ఇచ్చే సంస్థలు తగినన్ని పెట్టాలని, పరీక్షల్లో అదనపు సమయం, స్క్రైబ్, రెండో మూడో భాష మినహాయింపు వంటి సడలింపులు ఇవ్వాలని 17వ సెక్షన్ చెబుతుంది. ఏకాగ్రత సమస్య అయిన ఏడీహెచ్‌డీ మాత్రం ఆ 21లో విడిగా లేదు. ఆ కోతి అని పిలిచే పాప చట్టం కంటికి కూడా ఆనలేదన్నమాట.

2021 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు రజనీష్ కుమార్ పాండే కేసులో ప్రత్యేక అవసరాల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో 10 మందికి ఒక స్పెషల్ టీచర్, ఆపై స్థాయిలో 15 మందికి ఒకరు ఉండాలని చెప్పింది. ఈ రంగంలో దేశానికే పెద్ద సంస్థ 1984 నుంచి సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఉంది. అంటే శిక్షణ ఇచ్చే చోటు, శిక్షణ కావాల్సిన బడి ఒకే నగరానికి రెండు వైపుల ఉన్నాయి. మండలాల్లో భవిత కేంద్రాలు, రిసోర్స్ పర్సన్లు ఉన్నారు. 2022లో ప్రాథమిక తరగతుల కోసం తొలిమెట్టు వచ్చింది. ఏమీ లేదని కాదు మా ఫిర్యాదు. ఒకటి రెండు రోజులు హాల్లో కూర్చోబెట్టి స్లైడ్లు చూపించే శిక్షణ, టీచర్ తన తరగతిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాక మిగలదు. మిగలాలంటే నేర్పినవాళ్లు నెలకోసారైనా ఆ గదిలోకి వచ్చి, ఆ పిల్లవాడి పక్కన కూర్చుని, టీచర్‌తో కలిసి చూడాలి.

నేర్పాల్సినవి గొప్ప రహస్యాలు కావు. ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించాలి. ఆకలి, నిద్ర గురించి అడగాలి. నాలుగు పనులు ఒకేసారి చెప్పకుండా ఒక్కొక్కటి చెప్పాలి. కుదురులేని పాపను కిటికీ దగ్గర కాకుండా ముందు కూర్చోబెట్టాలి, నోట్‌బుక్కులు పంచడం వంటి కదిలే పని ఇవ్వాలి. అక్షరాన్ని కంటితో పాటు చెవికి, వేలికి కూడా అందించాలి. అందరి ముందు నిలబెట్టి చదివించకూడదు. కొట్టకూడదు, మాటలతో అవమానించకూడదు. ఇది దయ కాదు, విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధం. పిల్లవాడు మారిన ప్రతి చిన్న మార్పునూ రాసిపెట్టాలి, బడి మారితే ఆ కాగితం వాడితో పోవాలి.

కొత్త పేరు పాత సంకెల కాకూడదు

ఒక హెచ్చరిక కూడా అవసరం. బినే పరీక్ష సాయం కోసం పుట్టింది. అమెరికా చేరాక పిల్లలను వెనక్కి నెట్టే పనికి వాడారు. కాలిఫోర్నియాలో నల్లజాతి పిల్లలను ఐక్యూ పరీక్షల పేరుతో మందబుద్ధి తరగతుల్లోకి తోశారు. తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. లారీ పీ కేసుగా పేరుపడ్డ ఆ వ్యాజ్యంలో 1979లో తీర్పు వాళ్ల పక్షాన వచ్చింది. ఇక్కడ కూడా దళిత పిల్లలందరికీ ఒక వైకల్యం ముద్ర కొట్టి, చెప్పాల్సిన చదువు చెప్పకుండా చేతులు దులుపుకునే ప్రమాదం ఉంది. మొద్దు పోయి ఎల్‌డీ వస్తే పేరు మారినట్టు కాదు. పిల్లవాడికి ఏదో ఒక సాయం తెచ్చిపెట్టే పేరే పేరు. వాడిని గది బయట కూర్చోబెట్టే పేరు పంచమ అన్న మాటకు చిన్న తమ్ముడు.

అందుకే టీచర్ల శిక్షణలో డిస్‌లెక్సియా గురించి ఒక పూట ఉంటే, కులం గురించి కూడా ఒక పూట ఉండాలని మేం అడుగుతున్నాం. ఏ పిల్లవాడిని వివరంగా చూస్తున్నాం, ఏ పిల్లవాడిని చూడకుండానే తేల్చేస్తున్నాం అన్నది టీచర్ తనకు తాను లెక్క వేసుకోవాలి. బలహీన వర్గాల పిల్లలపై బడిలో వివక్ష లేకుండా చూడడం ప్రభుత్వ బాధ్యతని విద్యాహక్కు చట్టమే చెబుతోంది.

విద్యార్థి మిత్రులకు, కార్యకర్తలకు ఒక పని చెప్పి ముగిస్తాం. ఈ జూన్‌లో మీ దగ్గరి ప్రభుత్వ బడికి వెళ్లండి. ఆ మండలంలో స్పెషల్ టీచర్లు ఎంతమంది, 17వ సెక్షన్ సర్వే ఎప్పుడు జరిగింది, గత ఏడాది టీచర్లకు ఏ శిక్షణ ఇచ్చారు అని సమాచార హక్కు కింద అడగండి. పదో తరగతి పరీక్షలో అదనపు సమయం పొందిన పిల్లల్లో ప్రభుత్వ బడుల వాళ్లెందరో అడగండి. వీలైతే వారానికి రెండు సాయంత్రాలు చివరి బెంచీ పిల్లలతో కూర్చోండి. భాగ్యరెడ్డి వర్మ పద్దెనిమిదేళ్లకు మండలి పెట్టారు, ఇరవై రెండేళ్లకు బడి తెరిచారు. మీలో చాలామంది వయసు అదే.